రోమన్ బంగారు నాణేలు (వినుకొండ నిధి)

నల్లపాడు నుంచి నంద్యాల వెళ్లే రైలుమార్గంలోని వినుకొండలో 1889లో దొరికిన రోమన్ బంగారు నాణేల నిధి. టైబీరియస్ (క్రీ.శ. 14–37) మొదలు కారకల్లా (211–217) వరకు పలువురు చక్రవర్తుల నాణేలు ఇందులో ఉన్నాయి. ఈ నాణేన్ని ఆరియస్ అనేవారు. అగస్టస్ కాలంలో దీని బరువు 8 గ్రాములకు కొంచెం తక్కువ. కారకల్లా నాటికి దాదాపు ఆరున్నర గ్రాములకు దిగింది.

బొమ్మలోనే రాజ్యప్రచారమంతా ఉంది. ముందువైపు లారెల్ ఆకుల దండ ధరించిన చక్రవర్తి తల, చుట్టూ బిరుదులు. టైబీరియస్ నాణెం వెనకవైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీమూర్తి. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని పలువురి అభిప్రాయం. ఆ ప్రచారం మన రైతుకో వర్తకుడికో పట్టి ఉండదు, వాళ్లు చూసింది బంగారాన్నే. భారతదేశంలో దొరికిన కొన్ని ఆరియస్‌లపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు ఉంటుంది, కొన్నిటికి దండకు గుచ్చుకునే రంధ్రాలు.

ఆ కాలపు శాతవాహన రాజులు బంగారు నాణేలు ముద్రించలేదు. తర్వాతి ఇక్ష్వాకుల కాలంలో రాణి రుద్రధరభట్టారిక నాగార్జునకొండ మహాచైత్యానికి 170 దీనారి మాషకాలు (రోమన్ డినారియస్ నుంచి వచ్చిన పేరు) దానమిచ్చినట్టు అక్కడి శాసనం చెబుతుంది.