కోళ్ల గూట్లో రికార్డు చేసిన ఆల్బమ్: లింక్ రే, 1971

ఇది కొంచెం పొడుగు పోస్టు. హాస్టల్ల నెట్ సరిగ్గ రాకపోతే సేవ్ చేసుకొని తీరికగా చదువుండ్రి.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లల్లో హెవీ మెటల్ వినేటోళ్లు ఈ మధ్య ఎక్కువైన్రు. మంచిదే. వాళ్లను ఒక మాట అడగాలని ఉంది: ఆ గిటారు మోత ఎక్కడ మొదలైంది? చాలామంది ఇంగ్లాండు అంటరు, బర్మింగ్‌హామ్ అంటరు, 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ అంటరు. తప్పేం లేదు. ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నడు, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకొని మళ్లీ వాయించిండు. సాంచెల మధ్య పెరిగిన సిరిసిల్లోళ్లకు ఆ కథ తొందరగా అర్థమైతది. కానీ ఆ మోతకు పునాది అంతకు 12 ఏండ్ల ముందే పడ్డది. వేసినాయన పేరు లింక్ రే. ఆయన తనను తాను షానీ తెగ మనిషినని చెప్పుకున్నడు. షానీలు అమెరికా మూలవాసులు, అంటే అక్కడి ఆదివాసులు.

లింక్ రే 1929 మే 2న నార్త్ కరోలినా రాష్ట్రంలోని డన్ అనే చిన్న ఊర్లో పుట్టిండు. పేద కుటుంబం. తల్లి వీధుల్లో దేవుని వాక్యం చెప్పేది. తెల్లజాతి దురహంకారుల ముఠా కు క్లక్స్ క్లాన్ రాత్రిపూట ఊరి మీద పడితే, దీపాలార్పి పిల్లలను మంచం కింద దాచేదని ఆయన పెద్దయినంక చెప్పిండు. ఎనిమిదేండ్ల వయసులో సర్కస్‌తో వచ్చిన హాంబోన్ అనే నల్లజాతి మనిషి గిటారు వాయించుడు చూపించిండట. తర్వాత కుటుంబం వర్జీనియాకు పోయింది.

ఇక్కడ కొంచెం ఆగాలె. వర్జీనియాలో 1924లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం రిజిస్టర్ల మనిషికి రెండే ఖానాలు: తెల్లవాళ్లు, లేదంటే 'కలర్డ్'. ఇండియన్ అనే ఖానా లేకుండ పోయింది. జనన మరణాల రిజిస్టర్లు చూసే వాల్టర్ ప్లెకర్ అనే అధికారి పాత సర్టిఫికెట్లు కూడా వెతికి వెతికి మార్పించిండు. మనుషులను చంపకుండనే ఒక జాతిని కాగితం మీద లేకుండ చేసుడంటే ఇదే. ఆ చట్టంలోని పెళ్లిళ్ల నిషేధాన్ని సుప్రీంకోర్టు 1967లో కొట్టేసేదాక అది నడిచింది. కుల ధ్రువపత్రం కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగినోళ్లకు నేను వేరే చెప్పనక్కర లేదు. కాగితం లేదంటే మనిషే లేడంటరు. తెల్లోడిగ రాయించుకుంటే బతుకుదెరువు దొరుకుతది, నిజం చెప్తే దెబ్బలు. అట్లాంటి చోట చాలామంది తమ జాతి పేరు నోరు విప్పి చెప్పలేదంటే వాళ్లను తప్పు పట్టేటందుకు లేదు.

లింక్ రే సైన్యంలో పనిచేసిండు. క్షయ సోకి ఒక ఊపిరితిత్తి తీసేసిన్రు. ఇక పాడలేవని డాక్టర్లు చెప్పిన్రు. అందుకే ఆయన గిటారుతోనే మాట్లాడవలసి వచ్చింది. 1958లో 'రంబుల్' వచ్చింది. అందుల ఒక్క మాట కూడా లేదు, ఉత్త వాయిద్యమే. శబ్దం చీరుకపోయినట్టు రావాలని ఆంప్లిఫైయరు స్పీకరుకు పెన్సిలుతో పొక్కలు పొడిచిండు. ఆయన వాయించిన తీరును ఇప్పుడు పవర్ కార్డ్ అంటరు. మామూలు కార్డుకు మూడు స్వరాలుంటయి, వాటిల నడిమి స్వరం అది సంతోషమో దుఃఖమో తేలుస్తది. ఆ నడిమిదాన్ని తీసేస్తే మిగిలేది సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు, ఉత్త బలం. మెటల్ సంగీతమంత ఈ బలం మీదనే నిలబడ్డది.

మాటలే లేని పాటను న్యూయార్క్, బోస్టన్‌లల్ల కొన్ని రేడియోలు ఆపేసినయి. పేరుకు వీధి గుంపుల కొట్లాట అనే అర్థం ఉంది, పిల్లలు చెడిపోతరన్నరు. అయినా బిల్‌బోర్డు లెక్కల 16వ స్థానం దాక పోయింది. ఇంకొక ముచ్చట: ఆ పాట రచయితల పేర్లలో మిల్ట్ గ్రాంట్ అనే టీవీ వ్యాఖ్యాత పేరు కూడా ఉంటది. ఆ రోజుల్లో పాట గాలిల పోవాలంటే పేరు పంచుకోవాలె. మన తాతలు, అమ్మమ్మలు పాడిన పాటలు ఫోన్లల్ల రికార్డు చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాట మొదలుపెట్టక ముందే పాడేటామె పేరు, ఊరు, తేదీ ఆమె గొంతుతోనే చెప్పించుండ్రి. తర్వాత ఎవరి పేరు చేరుతదో మన చేతిల ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. 1960ల తర్వాత లింక్ రే పేరు మెల్లగ మరుగున పడ్డది. ఆయన మోతను పట్టుకున్న ఇంగ్లాండు కుర్రాళ్లు, లెడ్ జెపెలిన్‌లో జిమ్మీ పేజ్, ద హూలో పీట్ టౌన్‌షెండ్, పెద్ద పెద్ద మైదానాలల్ల వాయిస్తున్నరు. ఈయన మేరీలాండ్‌లోని ఆకోకీక్ అనే పల్లెల అన్నదమ్ములతో ఉన్నడు. అక్కడ ఒక కొట్టం. ముందు అది కోళ్ల గూడు. మూడు ట్రాకుల రికార్డరు పెట్టుకొని దాన్నే స్టూడియో చేసుకున్నరు. మంచి స్టూడియోలల్ల అప్పటికే 16 ట్రాకులు నడుస్తున్నయి.

1971లో పాలిడార్ కంపెనీ విడుదల చేసిన ఆల్బమ్‌కు 'లింక్ రే' అని ఆయన పేరే పెట్టిన్రు. అట్ట మీద పక్కకు తిరిగిన ఆయన ముఖం. ఎవరు చూసినా ఇది మూలవాసి ముఖమని గుర్తుపడతరు. అల్కట్రాజ్ దీవిని మూలవాసి యువకులు 19 నెలలు పట్టుకొని కూర్చున్న కాలం అది. నా లెక్కల ఆ అట్టే ఒక ప్రకటన.

లోపల వింటే ఇంకా ఆశ్చర్యం. మోత రాజు మోత తగ్గించిండు. ఊపిరితిత్తి ఒక్కటే ఉన్న మనిషి, పాడొద్దన్న మనిషి, ఈ ఆల్బమ్‌లో తనే పాడిండు. గొంతు గరుకుగ ఉంటది, అక్కడక్కడ తెగుతది. మాండలిన్ ఉంటది, పియానో ఉంటది, చర్చి పాటల వాసన ఉంటది. డ్రమ్ముకు బదులు కాళ్లతో నేల తొక్కిన్రు, మేకుల డబ్బా ఊపిన్రు. గిటారు సప్పుడు కొట్టంల పట్టకపోతే ఆంప్లిఫైయరును వాకిట్ల పెట్టి, కిటికీల నుంచి మైకు పెట్టి పట్టుకున్నరట. మన నంగారా, గోండుల డోలు, పెప్రె చెవిన పడి పెరిగినోళ్లకు ఇది పేదరికం లెక్క వినిపించదు. ఉన్నదాంతోనే దరువు కట్టుడు మనకు కొత్త కాదు.

ఆల్బమ్ నడవలేదు. బిల్‌బోర్డులో 186 దగ్గర ఆగింది. రంబుల్ లాంటి మోత కోసం వచ్చినోళ్లకు ఇది మెత్తగ అనిపించింది, పల్లె పాటలు ఇష్టపడేటోళ్లకు ఈయన మోటు రౌడీ గిటారోడు. నాకైతే ఇందులో ఒకటి రెండు పాటలు సాగదీసినట్టే ఉంటయి, అన్నీ గొప్పవని అబద్ధం చెప్పను. కానీ 'ఫైర్ అండ్ బ్రిమ్‌స్టోన్', 'ఫాలింగ్ రెయిన్' ఈ రెండు పాటల కోసం ఆ కోళ్ల గూడు కలకాలం నిలబడాలె. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన నెవిల్ బ్రదర్స్ 1989లో మొదటిదాన్ని, ఆ మరుసటేడు రెండోదాన్ని మళ్లీ పాడిన్రు. అప్పుడే చాలామంది ఇవి ఎవరివని వెతికిన్రు.

లింక్ రే తర్వాత డెన్మార్క్ పోయి స్థిరపడ్డడు. 2005 నవంబరు 5న కోపెన్‌హాగెన్‌లో పోయిండు. 2008లో అమెరికా జాతీయ గ్రంథాలయం 'రంబుల్'ను కాపాడవలసిన రికార్డింగుల జాబితాల చేర్చింది. 2017లో ఆ పాట పేరుతోనే రాక్ సంగీతంలో మూలవాసుల పాత్ర మీద డాక్యుమెంటరీ వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2023లో గానీ ఆయన పేరు పెట్టలేదు, అంటే చనిపోయి 18 ఏండ్లయినంక. ఆ రోజు స్టేజీ ఎక్కి 'రంబుల్' వాయించింది జిమ్మీ పేజే. డాక్యుమెంటరీలు, పురస్కారాలు అన్నీ 'రంబుల్' చుట్టే తిరిగినయి. 1971 ఆల్బమ్ గురించి మాట్లాడేటోళ్లు ఇప్పటికీ తక్కువే.

వినదలచుకుంటే ముందు 'రంబుల్' వినుండ్రి, రెండున్నర నిమిషాలే. తర్వాత ఈ ఆల్బమ్ పెట్టుండ్రి, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, రాత్రి హాస్టల్ సప్పుడు తగ్గినంక. డ్రమ్ము లేని చోట చెక్క నేల మీద కాళ్ల సప్పుడు వినబడుతది.