ఆటకు గురువును ఎన్నుకొనుట

బంతి బావిలో పడిపోయినది. హస్తినాపురంలోని రాకుమారులు గట్టు చుట్టూ చేరి తొంగిచూస్తున్నారేగాని, దానిని పైకి తీసే ఉపాయం ఒక్కరికీ తోచలేదు. ఆ దారిన వచ్చిన బ్రాహ్మణుడొకడు శరం వెంట శరం నాటి, ఆ వరుసనే తాడుగా చేసికొని, బంతిని వెలికి తీసి వారి చేతిలో పెట్టాడు. పిల్లలు పరుగున పోయి తాతగారికి చెప్పారు. భీష్ముడు ఆ వచ్చినవాడు ద్రోణుడని గ్రహించి, సగౌరవంగా పిలిపించి, మనుమలనందరిని ఆయనకు అప్పగించాడు.

భారతం ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. కాని ఒక జట్టుకు శిక్షకుణ్ణి ఎన్నుకొనే వ్యవహారంగా దీనిని చూచినప్పుడు కొన్ని సంగతులు స్ఫురిస్తవి. భీష్ముడు శిష్యుల మాటకు విలువ ఇచ్చాడు. అది మంచి పని. గొప్పలు వినక, కంటికి కనిపించిన పనితనాన్ని నమ్మాడు. అదీ మంచి పనే. అయితే, ఈయనకు ఏమి వచ్చునన్న ప్రశ్న వేసికొన్న ఆ పెద్దలు, ఈయన ఎవరికి నేర్పుతాడన్న ప్రశ్న మాత్రం వేసికొనలేదు. ఆ వేయని ప్రశ్నకు మూల్యం చెల్లించినవాడు ఏకలవ్యుడు.

ఏ కళాశాలలోనైనా బాస్కెట్‌బాల్ జట్టుకు కొత్త శిక్షకుడు కావలసి వచ్చినప్పుడు, ఎంపిక సంఘం ఎదుట ఈ పాత ప్రశ్నలే నిలుస్తవి. నిరుడు ఎవరి జట్టు గెలిచినది? ఎవరు పేరుమోసిన ఆటగాడు? ఎవరి వద్ద పెద్ద పట్టా ఉన్నది? ఇవి అడగవలసినవే. కాని ఇవి మాత్రమే అడిగిన చోట ఏమి జరుగునో, వీటిని దాటి అడిగిన చోట ఏమి జరిగినదో, చరిత్ర కొంత చెప్పగలదు.

ముందు మన ఓరుగల్లు సంగతి. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్ది ఆరంభంలో తీరాంధ్రాన్ని జయించినప్పుడు, దివిసీమనేలిన అయ్య వంశంవారు ఆయనకు లోబడ్డారు. ఆ వంశపు ఆడపడుచులను చక్రవర్తి వివాహమాడాడు. వారి తమ్ముడు జాయపను శత్రువు బిడ్డ అని దూరం పెట్టలేదు. ఆ బాలుని బుద్ధికుశలత చూచి గుండామాత్యుని వద్ద విద్యకు పెట్టాడు. ఆ బాలుడే పెరిగి కాకతీయుల గజసేనకు అధిపతి అయినాడు. నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించాడు. నృత్తమంటే కాలికీ చేతికీ చూపుకూ శిక్షణ. అనగా, శరీరవిద్యకు తగిన గురువును వెదకి, తగిన శిష్యుణ్ణి ఇంటా బయటా చూడక అప్పగించే మర్యాద ఓరుగంటి సీమకు పాతదే.

ఇక బాస్కెట్‌బాల్ మాట. ఈ ఆట కొన్నిటివలె కాలక్రమాన పుట్టినది కాదు. ఒక ఉపాధ్యాయుడు ఒక తరగతి కోసం కల్పించినది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు చలికాలంలో ఇంటిలోపలనే ఆడదగిన ఆటకోసం ఆలోచించి, రెండు పండ్ల బుట్టలను గోడకు ఎత్తున కొట్టించి, 13 నియమాలు వ్రాసి, 18 మంది విద్యార్థులను రెండు పక్షాలుగా చేసి ఆడించాడు. 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆయనను పిలిపించుకొన్నది. పిలిచినది జట్టును గెలిపించడానికి కాదు. ప్రార్థనామందిరం నిర్వహించడానికి, వ్యాయామవిద్య బోధించడానికి. ఆయన ఆధ్వర్యవంలో ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడినది. ఆటను సృష్టించిన మహానుభావుడే ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులలో గెలుపులకన్న ఓటములు ఎక్కువగా కలిగినవాడు!

అయినప్పటికీ ఆ ఎన్నిక వ్యర్థమైనదని ఎవరూ అనలేరు. నైస్మిత్ వద్ద ఆడిన ఫారెస్ట్ అలెన్ తరువాత అదే విశ్వవిద్యాలయంలో శిక్షకుడై 1956 వరకు ఆ పని చేశాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు స్థానం లభించడంలో అలెన్ కృషి పెద్దది. ఆ అలెన్ శిష్యులలో అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్ అనేవారు మరల మహాశిక్షకులైనారు. ఒక ఉపాధ్యాయుణ్ణి ఎన్నుకొంటే ఆయనతోపాటు ఆయన శిష్యులనూ, వారి శిష్యులనూ ఎన్నుకొన్నట్లే. గెలుపు ఓటముల పట్టికలో ఈ లెక్క కనిపించదు.

డీన్ స్మిత్ కథ ఎంపిక సంఘాలవారు తప్పక వినదగినది. 1961లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు జట్టు నియమోల్లంఘనకు శిక్ష అనుభవిస్తున్నది. ఛాన్సలర్ ఐకాక్ పేరుగాంచిన శిక్షకులెవరినీ వెదకక, అక్కడే సహాయకుడుగా ఉన్న 30 ఏండ్ల స్మిత్‌కు పని అప్పగించాడు. 1965 జనవరిలో జట్టు ఓడి తిరిగి వచ్చేసరికి విద్యార్థులు స్మిత్ దిష్టిబొమ్మను చెట్టుకు వ్రేలాడదీశారు. విశ్వవిద్యాలయం చలించలేదు. ఆయన 1997 వరకు అక్కడనే ఉండి 879 ఆటలు గెలిపించాడు. 1982లోను, 1993లోను జట్టు దేశవిజేత అయినది.

మరొక ఉదాహరణ జాన్ వుడెన్. ఆయన మొదట ఉన్నత పాఠశాలలో ఆంగ్ల ఉపాధ్యాయుడు. 1948లో రెండు విశ్వవిద్యాలయాలు ఆయనను కోరినవి. మిన్నెసోటాకు పోవాలని ఆయనకు మక్కువ. వారు టెలిఫోను చేస్తామన్న వేళకు మంచు తుఫానులో తీగలు తెగినవి, పిలుపు రాలేదు. అనుకొన్న వేళకు లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి పిలుపు వచ్చినది; ఆయన సరే అన్నాడు. కొంతసేపటికి మిన్నెసోటావారి గొంతు వినిపించినది గాని, ఆయన ఇచ్చిన మాట తప్పలేదు. ఆ మాట మీద వెళ్ళినవాడు మొదటిసారి దేశవిజేత కావడానికి 16 సీజన్లు పట్టినది! 1964లో ఆ గెలుపు వచ్చిన తరువాత, 1975 వరకు 12 ఏండ్లలో 10 పర్యాయాలు ఆయన జట్టే దేశవిజేత. ఏటేటా తొలిదినాన ఆయన శిష్యులకు నేర్పే మొదటి పాఠం మేజోళ్ళు మడతపడకుండా తొడుగుకొనడం, బూట్ల తాళ్ళు బిగించడం. కాలికి పొక్కు వస్తే ఆట పోతుందని ఆయన వాదన. ఓనమాలు దిద్దించే ఓపిక ఉపాధ్యాయునిదే గదా!

ఇంత దూరం పోనక్కరలేకుండా మన హైదరాబాదులోనే ఇటువంటి ఎన్నిక ఒకటి జరిగినది. ఆట వేరు, ఫుట్‌బాల్, ధర్మం ఒకటే. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. కాబట్టే ఆయన కడవరకు అందరికీ ‘రహీం సాబ్’, మాస్టరుగారు. 1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ సంవత్సరం మొదలుకొని 1954 వరకు వరుసగా 5 ఏండ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. కలకత్తా జట్లకే ఆట వచ్చుననుకొనే రోజులలో అది సామాన్య విషయం కాదు.

ఆయన పద్ధతి అంతా బడిపంతులు పద్ధతి. కుడికాలి వాటం గలవారిని ఎడమకాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారు. బంతిని తనవద్దనే ఉంచుకొని విన్యాసాలు చేయరాదని, తాకిన వెంటనే తోటివానికి అందించాలని నియమం విధించి ఆడించేవారు. ఇక శిష్యుల ఎంపిక చూడండి. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో ఒక బీదకుటుంబపు బాలుడు తులసీదాస్ బలరాం. పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవానిచేత ఆట బూట్లుగా కుట్టించుకొన్న కుర్రవాడు. అంతదూరం నుండి సాధనకు రాలేనంటే, సైకిలు అద్దెకు రోజుకొక రూపాయి రహీంగారు తమ జేబులోనుండి ఇచ్చేవారు. ఆ రూపాయి భారత జట్టుకు ఎంత తెచ్చిపెట్టినదో చూడండి: 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు, 1960లో రోముకు, 1962లో జకార్తాకు వెళ్ళిన జట్లలో బలరాం ఉన్నాడు.

రహీంగారికి ఎప్పుడూ విజయాలే లభించలేదు. ఆయన శిక్షణలో 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం వచ్చినది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఘోరపరాజయం. మనవారిలో పెక్కుమంది ఆ చలిలో ఉత్తకాళ్ళతో ఆడారు. ఆ ఒక్క ఆట చూచి శిక్షకుణ్ణి పంపివేసి ఉంటే, మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా మనం నిలిచి ఉండేవారమా? 1962లో జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించినది. ఫైనల్‌లో మరల ఆ జట్టే. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును రహీంగారు ముందువరుసలో నిలిపారు. ఒక గోలు ఆయనదే; రెండవది పి.కె. బెనర్జీది. 2–1తో స్వర్ణం మనదైనది. అప్పటికే రహీంగారిని ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మనకు మరల దక్కలేదు. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ చిత్రం ఈ మహనీయుని కథే.

శిక్షకులకు శిక్షణ ఇచ్చే సంస్థలు మన దేశంలో లేకపోలేదు. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాల దక్షిణదేశంలో ఎందరో వ్యాయామోపాధ్యాయులను తయారుచేసినది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ ఏర్పడినది. అది మొదలుకొని పట్టా చూచి శిక్షకుణ్ణి నియమించడం సులభమైనది. అయితే పట్టా చెప్పేది ఆయన ఏమి చదివినాడన్నంతవరకే. రోజుకొక రూపాయి ఇచ్చే మనసు ఉన్నదో లేదో ఏ పట్టా చెప్పగలదు?

ఇక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సంగతికి వద్దాము. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలైన ఈ మూడు పట్టణాలకు మూడు తీరులు. జనగామ సికింద్రాబాదు–కాజీపేట రైలు మార్గంలో ఉన్నది. మానుకోట అని మనం పిలుచుకొనే మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలో ఉన్నది. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల ఊరు. ఇక్కడి కళాశాలలలో సాధారణంగా వ్యాయామోపాధ్యాయుడొక్కడే. కబడ్డీకీ ఆయనే, వాలీబాల్‌కూ ఆయనే, బాస్కెట్‌బాల్‌కూ ఆయనే. పెద్ద నగరంలో ఒక శిక్షకుని ఎన్నిక తప్పితే పిల్లలకు మరొక మైదానం దొరుకుతుంది. ఇక్కడ ఆ ఒక్క ఎన్నిక తప్పితే ఒక తరం పిల్లలకు ఆటే లేకుండా పోతుంది.

కళాశాల విడిచిన తరువాతనే గదా సాధన. సాయంత్రం ఆరు గంటలకు మైదానంలో ఉండగలిగేది పట్టణంలో ఇల్లున్నవాడు. గూడూరు, కొత్తగూడ వైపు తండాలకూ కోయగూడేలకూ, మహదేవపూర్ అడవి ఊళ్ళకూ పోవలసిన విద్యార్థి చూపు బంతిమీద కాక ఆఖరి బస్సుమీద ఉంటుంది. ఆడపిల్ల అయితే చెప్పనక్కరలేదు. గెలుపే కావాలనుకొనే శిక్షకుడు రాగలిగిన ఐదుగురితో జట్టు కట్టుకొంటాడు. అతనిని ఎవరూ తప్పుపట్టరు. ఉపాధ్యాయుడైన శిక్షకుడు సాధన వేళను ఉదయానికి మారుస్తాడు, వసతిగృహాధికారితో మాట్లాడతాడు, తల్లిదండ్రులకు కబురు చేస్తాడు. ఆ ఇద్దరిలో ఎవరిని ఎన్నుకొంటామన్నదే అసలు సమస్య. ఏకలవ్యులు ఈ అడవులలో నేడూ ఉన్నారు. వారు బొమ్మను పెట్టుకొని నేర్చుకొనవలసిన గతి ఇక పట్టకూడదు.

కనుక ఎన్నుకొనే పెద్దలు అభ్యర్థిని మూడు మాటలు అడిగితే చాలును. బంతి ఎన్నడూ ముట్టని పిల్లకు మొదటివారం ఏమి నేర్పుతావు? దూరపు ఊరి బిడ్డ సాధనకు రావడానికి ఏమి ఉపాయం చేస్తావు? నీవద్ద ఆడినవారిలో ఎందరు మరొకరికి నేర్పుతున్నారు? ఆ పిమ్మట పెద్దలు తమను తాము అడుగుకొనవలసిన మాట ఒకటున్నది: మొదటి రెండేండ్లూ జట్టు ఓడినా ఈయన పక్కన మనం నిలుస్తామా?

భూపాలపల్లి జిల్లా ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరు ధరించినది. ఆయన అర్థశాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడు. కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. ఉపాధ్యాయుని పేరును ఊరిముందు నిలుపుకొన్న సీమలో, ఆటస్థలానికి కూడ ఉపాధ్యాయుణ్ణే వెదకుకొనడం న్యాయం.