అక్క ముక్కర సంగతేమిటి?

వెధవ బాగుపడే కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇప్పటి సినిమాల్లో, ఓటీటీ సిరీసుల్లో హీరో ముప్పావు కథ దాకా ఒళ్లు మండేలా ప్రవర్తించి చివరి రీలులో కన్నీళ్లు పెట్టుకుంటాడు. 'ఇంత చేసినవాణ్ణి ఊరికే వదిలేయడమేనా' అని మనం గొణుక్కుంటాం. ఆ గొణుగుడు జాడ తీస్తూ పోతే కావ్యాల కాలం దాకా వెళ్లాల్సిందే. పాపిని గట్టెక్కించడానికి మన పాత కవులు ఎన్నడూ వెనకాడలేదు. వాడి చేతిలో నష్టపోయినవాళ్ల లెక్క ఏమైందన్నది మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు రాజమహేంద్రవరం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండంలో గుణనిధి ఉన్నాడు. కాంపిల్యంలో యజ్ఞదత్తుడనే దీక్షితుడి కొడుకు. పేరు గుణనిధి, వృత్తి జూదం. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే జూదగాళ్ల ఇళ్లకు చేరుతుంటాయి. వాడేడని తండ్రి అడిగినప్పుడల్లా ఇంతసేపూ చదువుకుని ఇప్పుడే బయటికెళ్లాడంటూ తల్లి కప్పిపుచ్చుతుంది. ఓ రోజు వీధిలో ఎవడో జూదరి వేలికి దీక్షితుడి ఉంగరమే కనబడింది. ఆయన ఇంటికొచ్చి ఏమీ తెలియనట్టు ఉంగరమేదని భార్యను అడిగాడు. మధ్యాహ్నపు పూజవేళ, చేతినిండా పనుంది, ఎక్కడో పెట్టాను, తర్వాత తీసిస్తానందామె. ఇలాంటి అబద్ధం చెప్పే తల్లి లేని వీధి ఇప్పటికీ ఉండదు.

ఇల్లు విడిచి పారిపోయిన గుణనిధి శివరాత్రి నాడు ఆకలికి తాళలేక నైవేద్యం కాజేద్దామని గుడిలో దూరాడు. లోపల దీపం కొడిగట్టి ఉంది. తినేది కనబడాలి కదా! పైబట్ట చెంగు చింపి వత్తి చేసి వెలిగించాడు. ప్రసాదం తీసుకుని బయటపడుతూ నిద్రపోతున్నవాణ్ణి తొక్కాడు. కేకలు లేచాయి, కాపలావాళ్లు చంపేశారు. ఆ వత్తి పుణ్యాన యమభటులను తోసిరాజని శివదూతలు వచ్చారు. మరుజన్మలో కళింగరాజు దముడై శివాలయాలన్నిటా దీపాలు పెట్టించాడు. ఆపైన కుబేరుడయ్యాడు. చాలామంది వత్తి దగ్గరే కథ ఆపేస్తారు. నన్నడిగితే అసలు కథ దముడిదే. దొంగతనం కోసం ఒక్క రాత్రి వెలిగించిన దీపాన్ని ఒక జన్మంతా వెలిగించాల్సి వచ్చింది.

మరి ఆ తల్లి? సంస్కృత మూలంలో యజ్ఞదత్తుడు కొడుకుతో పాటు భార్యకూ తిలోదకాలిచ్చి ఆ రోజే మరో పెళ్లి చేసుకున్నాడు. కొడుకు కుబేరుడయ్యాక ఆమెను తలచినవాడు లేడు.

అజామిళుడిదీ ఇదే వరస. తెలుగు భాగవతంలో ఆరో స్కంధం పోతన రాసింది కాదు, ఏర్చూరి సింగన రాశాడు. అజామిళుడు కట్టుకున్న భార్యనూ తల్లిదండ్రులనూ వదిలి దాసితో కాపురం పెట్టినవాడు. చివరి గడియల్లో నారాయణా అని చిన్నకొడుకును పిలిస్తే విష్ణుదూతలు వచ్చారని అందరికీ తెలుసు. అప్పుడే వైకుంఠానికి పోలేదని మాత్రం ఎక్కువమందికి గుర్తుండదు. అతను బతికి, దూతల వాదన విన్నాడు, సిగ్గుపడ్డాడు, గంగాద్వారానికి వెళ్లి యోగసాధన చేశాకే పోయాడు. వదిలేసినవాళ్లను తలచుకుని కుమిలిపోయాడు కూడా. ఇంటివైపు మాత్రం వెళ్లలేదు.

పదహారో శతాబ్దానికి తెనాలి రామకృష్ణుడు వచ్చాడు. పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ పిఠాపురం కుర్రాడు. వేదం చదివిన కుటుంబం, పెళ్లాం ఉంది, అయినా తిరుగుళ్లు. పిల్లల్ని వెంటబెట్టుకుని అక్క పుట్టింటికొచ్చి తమ్ముణ్ణి కూర్చోబెట్టి బుద్ధి చెప్పింది. మారినట్టే కొన్నాళ్లు నటించి, ఓ రాత్రి ఇల్లంతా ఊడ్చుకుపోయాడు. తెల్లారితే ఎవరి నగ కోసం వాళ్ల ఏడుపు. అక్కకు తన ముక్కర బెంగ. తమ్ముడి కోసం పడ్డ ఆరాటం ముక్కర దగ్గరికొచ్చేసరికి ఎటో పోయింది. ఇది రాయడానికి మనుషుల్ని దగ్గరగా చూసిన కన్ను కావాలి. నిగమశర్మను దారిలో దొంగలు కొట్టి దోచారు. ఓ రైతు ఇంట ప్రాణం దక్కితే ఆ ఇంటి ఆడమనిషినే లేవదీసుకుపోయాడు. ఎన్నో పాట్లు పడి చివరికి నరసింహక్షేత్రంలో చచ్చాడు. ఆ చోటి మహిమ వల్ల విష్ణుదూతలు తీసుకుపోయారు. పిఠాపురానికి కబురు పంపే పని ఎవరూ పెట్టుకోలేదు.

ఫలశ్రుతి ఏదైనా, పాఠకులు గుర్తుపెట్టుకున్నది అక్కనే. కవి ఆమెకు పేరు కూడా పెట్టలేదు. అయినా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆమె మీద ప్రత్యేకంగా 'నిగమశర్మ అక్క' అనే వ్యాసమే రాశారు. వైకుంఠానికి వెళ్లిన తమ్ముడికి ఆ భాగ్యం దక్కలేదు.

పాపిని గట్టెక్కించే ఈ పద్ధతికి గురజాడ అడ్డుకట్ట వేశాడు. 1897లో అచ్చయి 1909లో బాగా మారి మళ్లీ వచ్చిన కన్యాశుల్కంలో గిరీశానికి చివర్లో కన్నీళ్లు పెట్టుకునే అవకాశమే ఇవ్వలేదు. సౌజన్యారావు పంతులు వాణ్ణి వెళ్లగొట్టి, బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేశాడు. మోసపోయిన పిల్లకు దారి దొరికింది, మోసగాడికి కాదు. ఆ మరుసటి ఏడాదే, 1910లో, ఆంధ్రభారతిలో గురజాడ కథ 'దిద్దుబాటు' వచ్చింది. రాత్రుళ్లు ఆటపాటలకు వెళ్లి తిరిగొచ్చే గోపాలరావుకు ఇంట్లో భార్య లేదు, ఉత్తరముంది. నౌకరు ముందు లబలబలాడి, ఇక వెళ్లనని ఒట్టేశాడు. కమలిని మంచం కిందే ఉండి అంతా విన్నది. పశ్చాత్తాపం చెప్పాల్సిన మనిషి చెవిన పడడం మన కథల్లో అక్కడ చూస్తాం. మర్నాడు రాత్రి ఏం జరిగిందో గురజాడ రాయలేదు, మంచిపని చేశాడు.

కాళ్లకూరి నారాయణరావు చింతామణి నాటకంలో బిల్వమంగళుడు వేశ్యాలోలత్వం నుంచి లీలాశుకుడి దాకా ఎదుగుతాడు. ఊళ్లలో జనం ఎగబడింది మాత్రం అందులోని హాస్యపాత్ర సుబ్బిశెట్టి కోసం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించిందీ ఆ పాత్ర వల్లే. బిల్వమంగళుడి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, పెద్దగా ఆసక్తీ లేదు.

1957 నాటి పాండురంగ మహత్యం చిత్రానిది ఇంకో తమాషా. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, ఎన్టీఆర్ పుండరీకుడు. కావ్యంలో పుండరీకుడు మొదటి నుంచీ మంచివాడే. సినిమావాళ్లు నిగమశర్మ బుద్ధుల్ని తెచ్చి అతనికి తగిలించారు. తల్లిదండ్రుల్ని ఇంట్లోంచి వెళ్లగొట్టినవాడు కాళ్లు పోయి నేల మీద పాక్కుంటూ వాళ్లను వెతుక్కుంటాడు. వాళ్ల పాదాలు దొరికాకే కాళ్లు తిరిగొస్తాయి. ఇక్కడ దూతలు లేరు, వాదనలు లేవు. దేవుడు స్వయంగా గుమ్మంలోకి వచ్చినా, అమ్మానాన్నల సేవ అయ్యేదాకా ఆగమని పుండరీకుడు ఓ ఇటుక విసిరాడు.