చేపల పులుసుల చెరువు చరిత్ర

చెరువు ఎవరు కట్టించిండ్రో పుస్తకాల్లో ఉంటది. తూము కాడ రాత్రంతా ఎవరు మేల్కొన్నరో ఉండదు. ఆ చరిత్ర నాకు వీర్నపల్లిలో మా ఇంటి పొయ్యి కాడ దొరికింది.

మా తాత నీరడి. వానలల్ల కట్టమీదనే కాపలా. చెరువు ఎండినంక పెద్ద చేపలు దొరింటికి పోయేటియి. తర్వాత వేలం పాడినోళ్లకు. బురదల మిగిలిన పరకలు, జెల్లలు మా అవ్వ కొంగుల.

అవ్వ వాటిని బూడిదె, గల్లుప్పుతో జిగురు పోయేదాక బండమీద రుద్దేది. నూనె చుక్కంతే. ఎల్లిగడ్డ, కారం, దంచిన మెంతులు, చిక్కటి చింతపులుసు. మట్టికంచుట్ల సన్నసెగ. గంటె పెడితే చేప ఇరుగుతది, కంచుడే తిప్పాలె. తెల్లారి మక్కగట్కల ఆ పులుసుకు రుచెక్కువ. అదే పులుసు వాసనకు బడిల పక్కోళ్లు ముక్కు మూసుకున్నరు.

1927 మార్చి 20న మహద్ చవుదార్ చెరువుల అంబేద్కర్ దోసెడు నీళ్లు తాగితే దళితులను కొట్టిండ్రు. అది నీళ్ల హక్కు. మరి నీళ్లల్ల చేప?

2016ల మా ఊరు మండలమైంది. ఆ యేడే కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేపైంది, సర్కారు చెరువులల్ల ఉచితంగా చేపపిల్లలను వదలబట్టింది. వల పట్టే కులాలకు హక్కు దక్కాల్సిందే. తూము కాసినోళ్లకు వాటా ఏది?