పేరు మిగిలిన ప్రదర్శనశాలలు: సైబరాబాదు దారిలో సినిమా హాలు

చారిత్రక కట్టడాల పరిరక్షణ చర్చలో కోటలకు, దేవాలయాలకు, దేవిడీలకు దక్కిన స్థానం సినిమా హాళ్లకు దక్కలేదు. జంటనగరాల అనుభవం ఇందుకు నిదర్శనం. సికింద్రాబాదులోని ప్యారడైజ్ టాకీసు కనుమరుగైంది. 1953లో ఆ హాలు ఆవరణలో మొదలైన ఫలహారశాల బిర్యానీకి ప్రసిద్ధి చెందగా, కూడలికి నేటికీ హాలు పేరే నిలిచి ఉంది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన అనంతరం నగర విస్తరణ పడమటి దిక్కుకు మళ్లింది. 2018 డిసెంబరులో కొండాపూర్‌లోని ఒక మాల్‌లో ఏడు తెరలతో ఏఎంబీ సినిమాస్ వెలసింది. ఐటీ ఉద్యోగార్థుల శిక్షణాకేంద్రాలకు నెలవైన అమీర్‌పేటలో సత్యం థియేటరును కూల్చి, ఆ స్థలంలోనే 2023 జూన్‌లో ఏఏఏ సినిమాస్‌ను తెరిచారు.

దీనిని పునరుద్ధరణ అనలేము. స్థలం నిలిచింది, సినిమా నిలిచింది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ తరగతులను ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన ఏర్పాటు నిలవలేదు. అందులో అంతస్తుల భేదం లేకపోలేదు. అయినా కూలివానికీ గుమాస్తాకూ అదే తెర, అదే ఆట. కనుక సినిమా హాలు పునరుద్ధరణను గోడల వయస్సుతో పాటు, లోనికి రాగలిగినవారి పరిధిని బట్టి కూడా అంచనా వేయవలసి ఉంటుంది.