జాతర లెక్కన అభిమానం: కామారెడ్డి–ఎల్లారెడ్డి ప్రాంతంలో కుస్తీ, టీవీ హాస్యం, సినిమా

తెలుగు సినిమా అభిమానం మీద ఇంతవరకు వచ్చిన పరిశోధన ఎక్కువగా థియేటర్ చుట్టూ, తార చుట్టూ తిరిగింది. చిరంజీవి అభిమాన సంఘాలను ఆధారం చేసుకుని ఎస్.వి. శ్రీనివాస్ ఇంగ్లిషులో రాసిన ‘మెగాస్టార్’ (2009) ఆ దారిలో ముఖ్యమైన పుస్తకం. అభిమాని ఒట్టి ఆరాధకుడు కాడనీ, తార మీద తనకు హక్కుందనుకుంటాడనీ ఆయన చూపించారు. ఆ మాటను కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానికి తెచ్చి చూస్తే ఒక తేడా కనబడుతుంది. ఇక్కడ హక్కు అడిగేది అభిమాన సంఘం కాదు, ఊరు. ఆ హక్కుకు మూలం థియేటర్‌లో లేదు, జాతరలో ఉంది. జాతరలో ఆట చూడవచ్చినవాడు టికెట్టు కొనడు. ఊరు చందా వేసుకుంటుంది, ఊరే ఇనాం ఇస్తుంది, తీర్పూ ఊరే చెబుతుంది. కుస్తీకి పుట్టిన ఈ లెక్కనే జనం టీవీ హాస్యానికీ సినిమాకూ వర్తింపజేశారన్నది ఈ వ్యాసం వాదన.

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. కామారెడ్డి పట్టణానికి రైలుంది, 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఎల్లారెడ్డి మంజీర వైపు, నిజాంసాగర్ పక్కన ఉంటుంది. పడమటి అంచున మద్నూర్, జుక్కల్ మండలాలు మహారాష్ట్ర, కర్ణాటకలను తాకుతాయి. మరాఠీ, కన్నడ, ఉర్దూ అక్కడ సంతలో రోజూ వినిపించే భాషలే. ఇక్కడి కుస్తీని అర్థం చేసుకోవడానికి ఈ సరిహద్దు ముఖ్యం.

బరిలో పరాయివాడు లేడు

పాత నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఉగాదికో, హోళీకో, ఊరి దేవుడి జాతరకో కుస్తీ పోటీలు పెడతారు. మొదటిది కొబ్బరికాయ కుస్తీ. గెలిచినవాడికి దక్కేది కొబ్బరికాయే, పట్టుకునేది ఎక్కువగా పిల్లలే. తర్వాత నగదు ఇనాములు పెరుగుతూ పోయి, పొద్దుగూకే వేళకు చివరి కుస్తీకి వెండి కడెం పెడతారు. కడెం ఎన్ని తులాలన్నది ఊరి పరువు లెక్క. చాలాచోట్ల ఈ ఏర్పాట్లన్నీ గ్రామాభివృద్ధి కమిటీవే. ఈ కమిటీలకు ఇక్కడున్నంత పట్టు తెలంగాణలో మరెక్కడా లేదేమో. వాటి జరిమానాల మీద, వెలివేతల మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. కానీ ఊరుమ్మడి వినోదానికి డబ్బు కూడగట్టే యంత్రాంగం కూడా అవే.

కడెం చాలాసార్లు మహారాష్ట్ర నుంచో కర్ణాటక నుంచో వచ్చిన పైల్వాన్ ఎత్తుకుపోతాడు. ఊరు దానికి నొచ్చుకోదు. డప్పులు అతనికీ మోగుతాయి, మోసేవాళ్లు అతన్నీ భుజాల మీద మోస్తారు. జనం చూసేది పట్టునే, పైల్వాన్ పుట్టిన ఊరిని కాదు. ఆటగాడు బయటివాడైనా అభిమానం తగ్గదు, అది జరిగే గడ్డ మాత్రం తమదై ఉండాలి.

బోధన్ దగ్గరి హున్సాలో హోళీ సాయంత్రం ఆడే పిడిగుద్దులాట ఇంకా ఘాటైన ఉదాహరణ. తాడుకు ఇరువైపులా నిలబడి కొన్ని నిమిషాలు పిడికిళ్లతో కొట్టుకుంటారు, ఆపగానే అలాయ్‌బలాయ్ తీసుకుంటారు. పోలీసులు వద్దన్న ఏళ్లలోనూ ఊరు ఆడింది. మా ఆచారం మీద చట్టం మాటేమిటన్న ఈ ధోరణి సినిమా విషయంలోనూ మళ్లీ కనబడుతుంది.

2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలై తెలుగు టైటాన్స్ వచ్చినప్పుడు ఈ జనానికి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేకపోయింది. టైటాన్స్ తొలి పెద్ద తార రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. జట్టు పేరులో తెలుగుంది, కూతకు వెళ్లినవాడిలో లేదు. కుస్తీ బరికి అలవాటుపడ్డ కంటికి అది వింత కాదు. నగర అభిమానాన్ని చదివేవాళ్లు ఐపీఎల్, ప్రో కబడ్డీ జట్ల ‘అద్దె ఆటగాళ్ల’ మీద చాలా రాశారు. మంజీర ఒడ్డున పైల్వాన్ ఎప్పుడూ అద్దెకు వచ్చినవాడే.

ఈ బరికి ఒక లోటుంది. అది మగవాళ్ల బరి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ టైటిళ్లు గెలిచిన నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయి. ఆమెను తయారుచేసింది మాత్రం జాతర బరి కాదు.

నవ్వుకు యాస కావాలి

నవ్వు దగ్గర లెక్క తిరగబడుతుంది. పైల్వాన్ ఏ భాషవాడైనా ఒప్పుకున్న జనం, నవ్వించేవాడి నోట తమ మాట కావాలంటారు. చిందు భాగోతంలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ రంగం మీదికి రాగానే పురాణం ఆగిపోయి ఊరి సంగతులు మొదలయ్యేవి. సినిమా ఆ మాటను చాలాకాలం ఎగతాళికే వాడుకుంది. ‘ప్రతిఘటన’ (1985)లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడిన దుష్ట రాజకీయ నాయకుడి పాత్ర గొప్ప నటన, కానీ ఆ తర్వాత ఏళ్లతరబడి ఆ యాస రౌడీలకూ పనివాళ్లకూ అచ్చయిపోయింది. వీ6 టీవీ చానల్‌లో తీన్మార్ వార్తలు దాన్ని వార్త చదివే గొంతుగా మార్చాయి. అందులో సావిత్రిగా ఇంటింటికీ తెలిసిన శివజ్యోతిది నిజామాబాద్ జిల్లానే.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ హాస్యాన్ని ఆటల పోటీగా కట్టింది: టీమ్‌లు, టీమ్ లీడర్లు, మార్కులు వేసే జడ్జీలు. స్కిట్‌తో పాటు జట్టుకూ అభిమానులు పుట్టారు. చమ్మక్ చంద్ర టీమా, రాకెట్ రాఘవ టీమా అన్న వాదన కుస్తీ జోడీల మీద వాదన లాంటిదే. ఆ స్కిట్లలో పెళ్లాన్ని తన్నడం, లావుపాటి ఒళ్లును వెక్కిరించడం నవ్వుకు అడ్డదారి అయ్యాయన్నది నా అభిప్రాయం. ఆడవేషం వేసిన మగవాళ్లే ఆ నవ్వుకు సరుకయ్యారు. 2005లో కన్నుమూసిన నిజామాబాద్ జిల్లా కళాకారిణి చిందుల ఎల్లమ్మ మగవేషాలు కట్టి ఊళ్లను మెప్పించిన సంప్రదాయం ఇదే నేల మీద ఉందని గుర్తుంచుకుంటే ఆ కురచదనం ఇంకా తెలుస్తుంది.

‘ఫిదా’ (2017) ఈ రెండు లెక్కలనూ ఒకచోట కలిపింది. దర్శకుడు శేఖర్ కమ్ముల, నిర్మాత నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లికి చెందిన దిల్ రాజు. కథానాయిక భానుమతిది బాన్సువాడ, అంటే నేటి కామారెడ్డి జిల్లా. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి, కానీ తన డబ్బింగ్ తానే చెప్పుకుంది. పుట్టుక బయటిదైనా మాట తమదైతే జనానికి చాలు.

‘బలగం’ ఎవరిది?

‘జబర్దస్త్’లో వేణు వండర్స్ టీమ్ లీడర్‌గా తెలిసిన వేణు యెల్దండిది పక్కనున్న సిరిసిల్ల. ఆయన తీసిన ‘బలగం’ 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చింది, అదే నెల 24న అమెజాన్ ప్రైమ్‌లోకి చేరింది. నల్లి బొక్క దగ్గర మొదలైన బావా బామ్మర్దుల పగ, పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం, చివర బుర్రకథ: చావింటి ఆచారమే సినిమాకు నడక. తెలంగాణ పల్లెల్లో దాన్ని పంచాయతీ ముందు, బడి ఆవరణలో తెర కట్టి వేశారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు చాపలేసుకుని చూసి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పత్రికలు రాశాయి. కుస్తీ బరికి దూరంగా ఉండిపోయిన ఆడవాళ్లు ఈ తెర ముందు ముందువరసలో కూర్చోవడం నాకు అన్నిటికన్నా పెద్ద మార్పుగా తోస్తుంది.

ఆ ఏప్రిల్‌లో నిర్మాణ సంస్థ తరఫున నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది: అనుమతి లేని ఉచిత ప్రదర్శనలు ఆపాలని. చట్టం ప్రకారం ఫిర్యాదు సరైనదే. ఇంట్లో చూడటానికి కట్టిన చందా ఊరికంతటికీ వేయడానికి హక్కు ఇవ్వదు. అయితే ఊరి లెక్కలో అది దొంగతనం కాదు. ప్రొజెక్టర్ అద్దె, తెర, మైకు ఖర్చు ఊరు పెట్టుకుంది, కడెం కొన్నట్టే. పైల్వాన్‌కు ఇనాం ముట్టజెప్పే దారి ఊరికి తెలుసు. సినిమాకు ఎవరికి, ఎంత, ఎలా ఇవ్వాలో చెప్పినవాళ్లు లేరు. గొడవకు మూలం అదేనని నా అభిప్రాయం.

2023 చిత్రాలకు ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ‘బలగం’ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీత రచయిత పురస్కారం వచ్చింది. ఊరి గురించి రాసిన ఆ పాట విన్న ఊరికి, ఆ సినిమాను చట్టబద్ధంగా తన చౌరస్తాలో వేసుకునే వీలు కూడా ఉండాలి. నిర్మాతల మండలి, తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ కలిసి ఒక రాత్రి ప్రదర్శనకు గ్రామం కట్టగలిగే రుసుమును నిర్ణయించి, రసీదు ఇచ్చే ఏర్పాటు చేయాలి.