ఓడలో మరుగుదొడ్డి

నేలమీద ఇంట్లో గొట్టమునకు కొంచెము వాలు ఇస్తే చాలును, మురికినీరు తనంతట తానే పల్లమునకు పోతుంది. ఓడలో ఆ సౌకర్యము లేదు. మరుగుదొడ్డి నీటిమట్టమునకు దిగువన ఉంటే, సముద్రమే లోపలికి రావాలని చూస్తుంది.

పూర్వపు తెరచాప ఓడలలో ఈ చిక్కు లేదు. సామాన్య నావికులకు ఓడ ముక్కున, నీటికి ఎత్తుగా, రంధ్రములు గల చెక్క ఆసనములు ఉండేవి. 1765లో జలప్రవేశము చేసిన బ్రిటిషు యుద్ధనౌక 'విక్టరీ'లో ఇట్టి ఏర్పాటే ఉండేది. తెరచాప ఓడకు గాలి సాధారణముగా వెనుకనుండి గాని ప్రక్కనుండి గాని వీస్తుంది గనుక దుర్వాసన ఓడలోకి రాదు. అలలు ఆ చోటును కడిగివేసేవి. ఓడలోని మరుగుదొడ్డిని ఇంగ్లీషు నావికులు నేటికీ 'హెడ్', అనగా తల, అనడానికి కారణము ఇదే. అయితే తుఫానులో అక్కడికి పోవడము ప్రాణముతో చెలగాటము.

1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు వంపు గొట్టము గల మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. వంపులో నిలిచిన నీరే దుర్వాసనకు అడ్డు. ఊగే పడవలో ఆ నీరు ఒక్కటే చాలదు. అందుచేత పంపు, కవాటములు అవసరమైనాయి.

చిన్న పడవలలోని చేతిపంపులో ముషలకము పైకి లేచినప్పుడు దాని మీది భాగములోని సముద్రజలము పళ్ళెములోకి పోతుంది. పళ్ళెములోని మురికి క్రింది భాగములోకి వస్తుంది. ముషలకము క్రిందికి దిగినప్పుడు ఆ మురికి రబ్బరు కవాటము గుండా బయటికి పోతుంది. మీది భాగములోకి కొత్త నీరు చేరుతుంది. కవాటములు నీటిని ఒక్క దిక్కుకే పోనిస్తాయి.

ఈ కవాటము అరిగితే ఏమవుతుంది? టారిసెల్లి సూత్రము ప్రకారము, ఘర్షణను విడిచిపెట్టి లెక్కిస్తే, మీటరు లోతున ఉన్న 38 మిల్లీమీటర్ల రంధ్రము గుండా సెకనుకు దాదాపు 5 లీటర్ల నీరు లోనికి వస్తుంది. అందుకే గొట్టమును నీటిమట్టమునకు పైదాకా ఎత్తి వంచుతారు. వంపు కొనలో గాలి పోయే చిన్న రంధ్రము ఉంచుతారు. ఆ రంధ్రము ఉప్పు పేరుకొని మూసుకొనిపోతే గొట్టము సైఫనుగా మారి, ఎవరూ చూడని వేళ పడవను నింపివేయగలదు.

కాబట్టి నావికుడు ఆ రంధ్రమును మంచినీటితో కడుగుతూ ఉంటాడు. మూత్రము, సముద్రజలము కలిసి గొట్టము లోపల కాల్షియం లవణములను పేరుస్తాయి. వాటిని వినిగరు వంటి బలహీనమైన ఆమ్లముతో కరిగిస్తాడు. గట్టిపడిన రబ్బరును మారుస్తాడు. పంపును విప్పడానికి ముందు పడవ అడుగున ఉన్న కుళాయిలను తప్పక మూస్తాడు.

జలాంతర్గామిలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యము. ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనము సుమారు ఒక వాతావరణము పెరుగుతుంది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లండు తీరమునకు సమీపమున 'యు-1206' అనే జర్మను జలాంతర్గామిలో మరుగుదొడ్డి మార్గమున నీరు చొచ్చుకొని వచ్చింది. ఉప్పునీరు బ్యాటరీలకు తగిలి విషవాయువైన క్లోరిన్ పుట్టింది. నౌక పైకి తేలక తప్పలేదు. విమానముల దాడికి గురి అయింది. చివరకు నావికులే దానిని విడిచి ముంచివేశారు. నలుగురు మరణించారు. మరి 24 రోజులకు ఐరోపాలో యుద్ధము ముగిసింది.

నేడు సముద్రమును ఓడనుండి కాపాడవలసిన బాధ్యత కూడా వచ్చిపడింది. 2003లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారము, పెద్ద ఓడలు శుద్ధిచేయని మురుగును తీరమునకు 12 నాటికల్ మైళ్ళలోపు వదలరాదు. చిన్న రబ్బరు కవాటము మాత్రము నేటికీ తన కావలి పని మానలేదు.